అన్నిటికీ అయిదే

ఆయన్ని అందరూ లిఫ్టాయన అనేవాళ్ళు. బతుకంతా లిఫ్టులు బాగుచేసిన మనిషికి వేరే పేరుతో పనిపడలేదు. ఎక్కడో ఒక భవనంలో లిఫ్టు మొరాయిస్తుంది. ఎవరో కంపెనీకి ఫోన్ చేస్తారు. కంపెనీ ఈయనకి ఫోన్ చేస్తుంది. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వస్తాడు. మెట్ల దగ్గర చేతుల్లో సంచులతో విసుక్కుంటూ నిలబడ్డవాళ్ళు "అదిగో, లిఫ్టాయన వచ్చాడు" అంటారు. ఆ తరవాత అందరూ అడిగేది ఒకటే మాట, "ఎంతసేపు పడుతుంది?" అని. "చూడాలండీ" అంటాడు ఈయన. అక్కడితో మాటలు సరి.

ఏ లిఫ్టు ఏ అంతస్తు దగ్గర అంగుళం కిందకి ఆగుతుందో, ఏ తలుపు చలికి బిగుసుకుంటుందో, ఏ మోటారు ఎందుకు మూలుగుతుందో ఆయనకి కొట్టిన పిండి. కానీ అన్ని భవనాల్లో తిరిగిన మనిషి ఒక్క ఇంటి గుమ్మం దాటి లోపల అడుగుపెట్టి ఎరగడు. పనంతా లిఫ్టు దారిలోనే. పైన మోటారు గదిలో, కాకపోతే అడుగున గొయ్యిలో, అదీ కాకపోతే లిఫ్టు పెట్టె నెత్తి మీద టార్చి వెలుగులో. పెట్టె మీద కూచుని మెల్లగా పైకి పోతుంటే తలుపు సందుల్లోంచి ఒక్కో అంతస్తు మాటలు వినపడేవి. ఒకచోట పిల్లల్ని కేకలేస్తుంటారు, ఇంకోచోట ఎవరో ఫోన్లో పడీపడీ నవ్వుతుంటారు. ఈయన నట్లు బిగించుకుంటూ పైకి పోయేవాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుకునేది మోటారు గదిలో, గ్రీజు వాసన మధ్య.

పెళ్ళి కాలేదు. పాతికేళ్ళు నిండకముందే తలమీద జుట్టు సెలవు తీసుకుంది. వచ్చిన రెండు మూడు సంబంధాలు అటూ ఇటూ అయి తప్పిపోయాయి. జుట్టు లేకనే అని ఆయన అనుకున్నాడు. ఆయన అక్క మాత్రం ఒప్పుకునేది కాదు.

"జుట్టు కాదురా, నీ నోరు. ఆ పిల్ల ఎదురుగా కుర్చీలో ఇంకో కుర్చీలా కూచున్నావు. నీకు ఇష్టమో కాదో ఎదటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అనేది.

ఆ అక్క ఒక్కతే ఆయనకి మిగిలిన మనిషి. అదే ఊళ్ళో ఆ చివర భర్తతో, కొడుకూ కోడలితో, మనవడితో ఉంటోంది. తల్లి బతికున్నంతకాలం ఈయన దగ్గరే ఉండేది. ఆవిడ పోయాక రెండు గదుల వాటాలో ఆయన ఒక్కడే అయ్యాడు. అక్కతో మాటలు కూడా మెల్లమెల్లగా పలచబడ్డాయి. గొడవేమీ లేదు. గొడవే అయివుంటే ఏదో ఒకనాటికి అరుచుకుని కలిసిపోయేవాళ్ళేమో. మూడేళ్ళ కిందట మనవడి పుట్టినరోజుకి ఈయన్ని పిలవడం మరిచిపోయారు. ఈయన ఏమీ అనలేదు. తరవాత పిలిచినా పని ఉందన్నాడు. వాడికి రావడం ఇష్టం లేదని వాళ్ళు, వాళ్ళకి పిలవడం ఇష్టం లేదని ఈయనా అనుకుని ఊరుకున్నారు.

ఇలా ఉండగా ఒకరోజు యూనివర్సిటీలో పాత సైన్సు భవనం లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. లోపల ఒక అమ్మాయి ఉంది.

చిత్రమేమిటంటే ఇలాంటప్పుడు మాత్రం లిఫ్టాయనకి ఎక్కడలేని మాటలూ వచ్చేవి. మనిషి ఎదురుగా ఉంటే పెగలని గొంతు, మధ్యలో తలుపు అడ్డముంటే చక్కగా పలికేది.

"అమ్మా, భయం లేదు. గాలి బాగానే ఆడుతుంది. తాళ్ళు తెగడం అదీ సినిమాల్లోనే. నేనిక్కడే ఉన్నా."

"నిజంగా తెగవా అంకుల్?" లోపలినుంచి వణుకుతున్న గొంతు.

"ఒక్కటి కాదు, అయిదారు తాళ్ళుంటాయి తల్లీ. ఒక్క తాడైనా మొత్తం మోయగలదు. మిగతావి దానికి తోడు. కూచో, కింద కూచో. నేను పైకెళ్ళి చేత్తో తిప్పుతా. కొంచెం కదులుతుంది, కంగారుపడకు."

పైకి వెళ్ళి, బ్రేకు వదిలి, చక్రం చేత్తో తిప్పి, పెట్టెని అంతస్తు దగ్గరికి తెచ్చి తలుపు తీశాడు. సాధారణంగా తలుపు తెరుచుకోగానే లోపలివాళ్ళు బాణంలా దూసుకుపోతారు. తీసినవాడి మొహం కూడా చూడరు. ఈ అమ్మాయి బయటికొచ్చి, ఊపిరి పీల్చుకుని, ఆయన తలకేసి కళ్ళార్పకుండా చూస్తూ నిలబడిపోయింది.

"గ్రీజు అంటిందా అమ్మా?" అని తల తడుముకున్నాడు.

"అబ్బే, లేదండీ. మీరేమీ అనుకోనంటే... మీ తల చాలా బాగుంది."

బుద్ధెరిగిన తరవాత ఆయన తల గురించి ఎవరూ అలాంటి మాట అనలేదు. ఎగతాళేమో అని అనుమానంగా చూశాడు. ఎగతాళి కాదు. ఆ అమ్మాయి పై అంతస్తులో పరిశోధన చేస్తోంది. మెదడులో పుట్టే చిన్నచిన్న కరెంటు అలల్ని తలమీదినుంచే పట్టి, వాటిని చూసి మనిషి సంతోషంగా ఉన్నాడో బాధలో ఉన్నాడో కంప్యూటరు చేత చెప్పించాలని ఆమె ప్రయత్నం. దానికి తలకి ఒక టోపీ పెట్టాలి. టోపీ నిండా చిన్నచిన్న బిళ్ళలు. బిళ్ళ చర్మానికి ఆనాలి. జుట్టు అడ్డం.

"ఒత్తు జుట్టున్నవాళ్ళు కూచుంటే నాకు సగం రోజు దానికే పోతుంది. మీ తల మాకు బంగారం అంకుల్. ఒక్కసారి వస్తారా?"

వస్తానన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలీదు.

ఆ గది చిన్నది. కిటికీల్లేవు. గోడలకి మందపాటి నల్లటి స్పాంజి. ఒక కుర్చీ, ఎదురుగా ఒక తెర. లిఫ్టు దారికీ దీనికీ పెద్ద తేడా లేదనిపించి ఆయనకి ప్రాణం కుదుటపడింది. అమ్మాయి టోపీ తొడిగి, గడ్డం కింద పట్టీ బిగించి, మొన విరిచిన సిరంజితో ఒక్కో బిళ్ళ మధ్య కన్నంలో చల్లటి జెల్ నింపడం మొదలుపెట్టింది. ఒక్కో బిళ్ళ దగ్గరా వేలితో కాస్త అదిమి, తెరమీద చూసి, మళ్ళీ అదిమేది. నుదుటి మీద, చెవుల పైన, మెడ వంపు దగ్గర. లిఫ్టాయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని బిగుసుకుపోయాడు. తన గుండు తానే గీసుకునే మనిషి. ఇంకొకరి చెయ్యి తలమీద పడి ఎన్నేళ్ళయిందో.

"నొప్పిగా ఉందా అంకుల్?"

"లేదమ్మా."

"మరి పళ్ళెందుకు బిగించారు? దవడ బిగిస్తే నాకు తెరంతా పిచ్చిగీతలు వస్తాయి."

దవడ వదిలాడు.

పద్ధతి తేలికే. తెరమీద చిన్న చిన్న సినిమా ముక్కలు వస్తాయి. కొన్ని నవ్వించేవి, కొన్ని ఏడిపించేవి, కొన్ని ఏమీ లేనివి. ఒక్కో ముక్క అయ్యాక మనసెలా ఉందో ఒక అంకె నొక్కాలి. ఒకటి అంటే బొత్తిగా బాగాలేదని, తొమ్మిది అంటే పట్టరాని సంతోషమని, నడిమధ్య అయిదు అంటే ఏమీ లేదని. అన్నీ అయ్యాక అమ్మాయి అంకెలు చూసి నెత్తి కొట్టుకున్నంత పనిచేసింది.

"అంకుల్, అన్నిటికీ అయిదే నొక్కారు!"

"అవునమ్మా."

"ఆ కుక్కపిల్ల నీళ్ళలో కొట్టుకుపోయే ముక్క కూడా?"

"పాపం అనిపించింది."

"మరి రెండో మూడో నొక్కాలి కదా?"

"పాపం అనిపించడం వేరు. మనసు బాగాలేకపోవడం... అది ఎలా ఉంటే బాగాలేనట్టో తెలీలేదమ్మా."

అమ్మాయి ఆయన పక్కన స్టూలు లాక్కుని కూచుని ఓపిగ్గా చెప్పింది. మిషనుకి దానంతటదే ఏమీ తెలీదు. ఈ అలలు వచ్చినప్పుడు ఈయన ఏడు నొక్కాడు, ఆ అలలు వచ్చినప్పుడు రెండు నొక్కాడు అని వందలసార్లు చూపిస్తే, ఏ అల దేనికో పోలిక పట్టుకుంటుంది. ఆ తరవాత అంకె చెప్పకుండా ఒట్టి అలలు చూపించినా ఇది బాగున్నప్పటిది, ఇది బాగాలేనప్పటిది అని విడదీస్తుంది. "మీరు అన్నిటికీ అయిదే ఇస్తే దానికి నేర్పడానికేం ఉంటుంది? పాఠమే లేని బడి అయిపోతుంది." కానీ ఈయన రికార్డింగు మాత్రం అద్దంలా వచ్చింది. కదలడు, కనురెప్పలు అస్తమానం కొట్టడు. చీకట్లో గంటల తరబడి నిశ్చలంగా కూచోడం అలవాటైన మనిషాయె. "మళ్ళీ వస్తారా అంకుల్? ఈసారి కాస్త మనసు పెట్టి..."

"వస్తా" అన్నాడు ఆమె మాట పూర్తికాకుండానే.

ఎందుకంటే అప్పటికి ఆ అమ్మాయి టోపీ తీసి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన టవలుతో తలమీది జెల్ తుడుస్తోంది. నుదుటినుంచి వెనక్కి, చెవుల వెనక, మెడదాకా. లిఫ్టాయన కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

ఆ రోజునుంచి ఆయన ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. పొద్దున్నే టీ తాగుతూ ఇదెంత అని అడుక్కునేవాడు. అయిదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే? కాసేపు ఆలోచించి, ఆరు. చొక్కా గుండీ ఊడి బల్ల కిందికి దొర్లిపోయినప్పుడు నాలుగు. ఒకరోజు ఒక భవనంలో లిఫ్టు పెట్టె మీదికి దిగుతుంటే ఒక పెద్దావిడ "జాగ్రత్త బాబూ, పడతావు" అంది. ఏడు! అనేసుకుని, ఆ చీకట్లో తనలో తనే నవ్వుకున్నాడు. ఇంత వయసొచ్చి చిన్నపిల్లాడిలా అంకెలు నేర్చుకోవడమేమిటని సిగ్గేసింది కూడా. ఆ సిగ్గుకెంత అని అడుక్కుంటే జవాబు రాలేదు.

రెండోసారి, మూడోసారి, ఆ తరవాత నెలకి రెండుసార్లు వెళ్ళసాగాడు. మూడూ, ఏడూ, ఒకసారి ఎనిమిది కూడా పడ్డాయి. ఆ అమ్మాయి అంకుల్ అనడం మానేసి బాబాయ్ అనడం మొదలుపెట్టింది. ఆమెకి గైడుగా ఉన్న ప్రొఫెసర్ గారు ఒకటి రెండుసార్లు తలుపులోంచి తొంగిచూసి, "మన బెస్ట్ సబ్జెక్ట్ ఈయనేనా? గుడ్, గుడ్" అని వెళ్ళిపోయారు. సబ్జెక్ట్ అంటే ఏమిటని ఈయన అడిగితే, అలా టోపీ పెట్టుకుని కూచునేవాళ్ళని అంటారని ఆ అమ్మాయి చెప్పింది.

ఒకరోజు ఆమె ఉత్సాహంగా ఆయన్ని తన కంప్యూటరు దగ్గరికి పిలిచింది. తెరమీద రంగురంగుల చుక్కలు. పచ్చవి ఒక గుంపుగా, ఎర్రవి ఒక గుంపుగా, బూడిదరంగువి మధ్యలో.

"ఇది మీరే బాబాయ్. పచ్చవి మీరు బాగుందని నొక్కినవి, ఎర్రవి బాగాలేదని నొక్కినవి. చూశారా, మిషను ఎంత చక్కగా విడదీసిందో! మిగతావాళ్ళవన్నీ కలగాపులగం."

"ఇవన్నీ నా తలలోవేనా?" అని వంగి చూశాడు. అంత గలాటా తన తలలో ఉందంటే నమ్మబుద్ధి కాలేదు.

"ఒక్కటే తేడాగా ఉంది." ఆమె ఎర్రగుంపు మధ్యలో ఉన్న నాలుగైదు బూడిద చుక్కలు చూపించింది. "ఇవన్నీ ఒకే క్లిప్పువి. ఆ భోజనం క్లిప్పు గుర్తుందా?"

గుర్తుంది. కథేమీ లేని ముక్క అది. బల్ల చుట్టూ ఒక కుటుంబం కూచుని తింటుంటుంది. ఒకరు గిన్నె అందిస్తారు, ఒకరు గ్లాసులో నీళ్ళు పోస్తారు, ఒక పిల్ల కాళ్ళు ఊపుతూ ఉంటుంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. స్పూన్ల చప్పుడు మాత్రం వినపడుతుంది. అయిపోతుంది.

"అది మేం కావాలని ఏమీ లేని క్లిప్పుగా ఏరి పెట్టింది. అందరూ దానికి అయిదే నొక్కారు. మీరూ ప్రతిసారీ అయిదే. కానీ మిషను ప్రతిసారీ దాన్ని తీసుకెళ్ళి బాధల్లో పడేస్తోంది."

"అయితే మిషనుదే తప్పు."

"కావచ్చు. చాలాసార్లు తప్పుతుంది. అయినా దానికి బాధంటే ఏంటో తెలీదు కదా బాబాయ్. మీరు బాగాలేదన్నప్పటి అలలకీ వీటికీ పోలికుందంటోంది, అంతే. మెడ పట్టేసినా, నిద్రొచ్చినా అలా రావచ్చు." మళ్ళీ తనే అడిగింది, "మీకేమైనా అనిపించిందా, అది చూసినప్పుడు?"

"నాకేమనిపిస్తుందమ్మా. తింటున్నారు. అంతేగా."

ఆ మాట అనేసి ఇంటికొచ్చాడు గానీ మనసు ఒకపట్టాన నిలవలేదు. గిన్నెలో ఉన్నది కంచంలో వేసుకుని, రేడియో పెట్టి, మళ్ళీ కట్టేశాడు. చెప్పడానికి ఏదీ లేదు, ఏదో ఉంది.

వారం పది రోజుల తరవాత ఒక పాత అపార్టుమెంటులో పెట్టె మీద కూచుని తాళ్ళు చూసుకుంటూ పైకి పోతున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. నాలుగో అంతస్తు దగ్గర తలుపు సందులోంచి కంచాల చప్పుడు వచ్చింది. ఎవరో "ఇంకొంచెం వేసుకో" అన్నారు. "చాలు చాలు" అన్నారు ఇంకెవరో. "చాలంటే ఎలా, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు." ఇలాంటి మాటలు ఆయన ఎన్ని వేలసార్లు విని ఉంటాడో లెక్కలేదు. ఎప్పుడూ నట్టు బిగించుకుంటూ పైకి పోయేవాడే. ఆ రోజు మాత్రం చెయ్యి దానంతటదే ఆపే మీట నొక్కింది.

పెట్టె ఆగింది. లిఫ్టాయన టార్చి ఆర్పేసి విన్నాడు. నీళ్ళు పోసిన చప్పుడు. కుర్చీ లాగిన చప్పుడు. ఎవరో దగ్గారు, ఎవరో వీపు తట్టారు. ఆయన తలుపు సందుకి చెవి ఆనించాడు. దవడ బిగిసింది. ఆ బిగువు కొత్తది కాదని అప్పుడు తట్టింది. ఆ నల్లటి గదిలో ఆ ముక్క వచ్చినప్పుడల్లా ఇలాగే ఉండేది. అంతకుముందు మోటారు గదుల్లో డబ్బా మూత తీసినప్పుడల్లా ఇలాగే ఉండేది. తల్లి పోయిన మర్నాడు పొయ్యి ముందు నిలబడ్డప్పుడూ ఇలాగే ఉంది. ఏళ్ళ తరబడి దాన్ని ఆయన ఆకలనుకున్నాడు, అలసటనుకున్నాడు, గ్రీజు వాసన పడటం లేదనుకున్నాడు. దానికొక పేరుంటుందని తోచలేదు.

కిందినుంచి ఎవరో తలుపు మీద కొట్టి "ఏమయ్యా, ఎంతసేపు?" అని కేకేశారు.

"వస్తున్నానండీ" అన్నాడు. గొంతు మారిపోయి ఉంది. అదృష్టం, కిందివాళ్ళు గొంతులు పోల్చుకునేంత చుట్టాలు కారు.

మర్నాడు రమ్మనకుండానే యూనివర్సిటీకి వెళ్ళాడు. అమ్మాయి కంప్యూటరు ముందు కూచుని బన్ను తింటోంది.

"ఏంటి బాబాయ్, ఇవాళ మీ వంతు కాదే?"

"ఆ భోజనం ముక్క ఉంది చూడు. దానికి నేను నొక్కిన అంకె మార్చమ్మా. అయిదు కాదది."

ఆమె బన్ను పక్కన పెట్టింది. "మరెంత?"

"రెండు. కాదు... రెండే."

"మార్చకూడదు బాబాయ్. ఆ రోజు మీరేం చెప్పారో అదే ఉండాలి. తరవాత ఆలోచించుకుని దిద్దితే ఇక లెక్కకి అర్థమే ఉండదు." ఆయన మొహం చూసి మెత్తబడింది. "కావాలంటే మళ్ళీ రికార్డు చేద్దాం. ఇప్పుడే చేద్దాం, కూచోండి."

టోపీ, జెల్, చల్లటి చుక్కలు. తెరమీద ఆ కుటుంబం మళ్ళీ తినడం మొదలుపెట్టింది. గిన్నె అందించారు, నీళ్ళు పోశారు, పిల్ల కాళ్ళు ఊపింది. లిఫ్టాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన వాటిని ఆపుకోలేదు. రెండు నొక్కాడు. జీవితంలో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదన్నంత గట్టిగా నొక్కాడు.

అమ్మాయి పక్కగదిలో ఆ అలల్ని మిషనుకి అప్పజెప్పి, ఫలితం చూసి ఫక్కున నవ్వేసి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమందమ్మా?"

"సంతోషం అంటోంది బాబాయ్."

"ఇదేం అన్యాయం!" లిఫ్టాయన నిజంగానే కోపం తెచ్చుకున్నాడు. "నేనేమీ లేదన్నన్నాళ్ళూ బాధ బాధ అని పోరింది. తీరా నేను ఒప్పుకుంటే సంతోషమా?"

"అదే దీంతో నా గోల. ఇవాళ టోపీ రవ్వంత పక్కకి జరిగి ఉండచ్చు, మీరు రాత్రి సరిగా పడుకోకపోయి ఉండచ్చు. నిన్నటి తలమీద నేర్చుకున్నది ఇవాళ్టి తలకి పనికిరాదు. కళ్ళనీళ్ళొస్తే ఆ కదలికకే సగం చెడుతుంది. మొదటిసారి చెప్పింది నిజమో, ఇప్పుడు చెప్పింది నిజమో నాకు తెలీదు బాబాయ్. నిజంగా తెలీదు."

"నాకు తెలుసు" అన్నాడు ఆయన.

ఆమె టవలు వెచ్చటి నీళ్ళలో ముంచి తెచ్చింది. తుడుస్తూ, ఇన్నాళ్ళలో మొదటిసారి అడిగింది, "ఇంట్లో ఎవరుంటారు బాబాయ్?"

"ఎవరూ లేరు. అక్కుంది."

"ఏ ఊళ్ళో?"

"ఈ ఊళ్ళోనే."

ఆమె చెయ్యి ఆగింది. మళ్ళీ తుడుస్తూ, "నేనూ ఈ కంప్యూటరు ముందే తింటాను, మూడు పూటలా" అంది. "రూముకెళితే అక్కడ ఇంకా నిశ్శబ్దం."

ఆ ఆదివారం లిఫ్టాయన అక్క ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసిన అక్క చెప్పాపెట్టకుండా వచ్చిన తమ్ముణ్ణి చూసి హడలిపోయింది.

"ఏమైందిరా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదక్కా. ఊరికే వచ్చా."

"ఊరికేనా?" అని ఆవిడ వీధిలోకి కూడా ఒకసారి చూసింది, వెనకాల ఇంకేదైనా కబురు వస్తోందేమో అన్నట్టు. బావ టీవీ ముందునుంచి లేవకుండానే "రావయ్యా, రా" అన్నాడు. కొడుకూ కోడలూ పిల్లాడితో బయటికి వెళ్ళారు. ముగ్గురూ భోజనానికి కూచున్నారు. అక్క వడ్డించింది, ఒంట్లో ఎలా ఉందని అడిగింది, బాగానే ఉందన్నాడు. పని ఎలా ఉందని అడిగింది, అదీ బాగానే ఉంది. అడగడానికి ఇంకేం మిగలక ఆవిడ గ్లాసుల్లో నీళ్ళు పోసింది. లిఫ్టాయన కంచంలోకి చూస్తూ మాటలు కూడగట్టుకున్నాడు.

"అక్కా, నన్ను పిలవలేదని నాకు బాధేసింది."

"ఎప్పుడు? దేనికి?"

"పిల్లాడి పుట్టినరోజుకి. మూడేళ్ళ కిందట."

అక్క గరిటె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. మొదట కోపమే వచ్చింది ఆవిడకి. "మూడేళ్ళ కిందటి మాట ఇవాళ అన్నం ముందు కూచుని చెబుతావా? ఆ రోజు ఫోన్ చేసి 'ఏమే, నన్ను మరిచిపోయావా' అని ఒక్క కేకేస్తే నీ సొమ్మేం పోయేదిరా? నేను లెంపలేసుకుని పరిగెత్తుకొచ్చేదాన్ని కాదూ?"

"చెప్పాలని తెలీలేదు."

"అమ్మ పోయినప్పుడూ అంతే." ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది. "నేనొక్కదాన్నే ఏడ్చాను. నువ్వు గోడకానుకుని ఎవరో పరాయివాడిలా నిలబడ్డావు. వచ్చినవాళ్ళందరూ నన్నే ఓదార్చారు. వీడికి అమ్మా అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు అనుకున్నాను ఆ రోజు. ఇన్నాళ్ళూ అదే అనుకుంటున్నాను."

"బాధ ఉందక్కా. లోపల ఉంది. అదేంటో నాకు తెలియలేదు, అంతే."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. బావ మెల్లగా టీవీ గొంతు తగ్గించి, ఇటు తిరిగి, ఇద్దర్నీ మార్చిమార్చి చూశాడు. "ఇంకేమైనా మిగిలిపోయాయేమో అవి కూడా చెప్పెయ్యవయ్యా, కూర చల్లారిపోతోంది" అన్నాడు. అక్క ఏడుస్తూనే నవ్వి, తమ్ముడి కంచంలో అడక్కుండా ఇంకో గరిటె వేసింది. వద్దన్నాడు. "చాల్లే, నోరుమూసుకుని తిను" అంది, అంతకుముందే నోరు తెరవలేదని తిట్టిన మనిషి.

అంతటితో అంతా చక్కబడిపోయిందంటే అబద్ధమే అవుతుంది. ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టాడు. వెళ్ళిన కాసేపు బాగుండేది. ఆ తరవాత మనవడు ఫోన్లో మునిగిపోయేవాడు, కొడుకూ కోడలూ వాళ్ళ గదిలోకి వెళ్ళిపోయేవాళ్ళు, బావ కుర్చీలోనే గురక పెట్టేవాడు. సాయంత్రం బస్సెక్కి తిరిగొస్తుంటే వెనకటికంటే ఎక్కువ కష్టంగా ఉండేది. వెనక అదేంటో తెలీదు, ఇప్పుడు తెలుసు. తెలిశాక అది పక్కసీట్లో కూచుని ఇంటిదాకా వచ్చేది.

మరుసటి ఏడాదికి ఆ అమ్మాయి పరిశోధన ముగిసింది. లిఫ్టాయన ఒక్కడి తలమీద బాగానే పనిచేసిన మిషను వేరేవాళ్ళ తలల దగ్గరికి వచ్చేసరికి చతికిలబడింది. అదే ఆమె రాసింది కూడా, ఉన్నదున్నట్టు. డిగ్రీ వచ్చింది, వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు ఆఖరిసారి రికార్డింగుకి పిలిచింది. అంతా అయ్యాక టవలు తెచ్చి తుడుస్తుంటే, ఆయన తెరకేసి చూస్తూ అన్నాడు:

"నీకో మాట చెప్పాలమ్మా. నేను నీ చదువు కోసం రాలేదు. నువ్విలా తల తుడుస్తావని వచ్చేవాణ్ణి."

"తెలుసు బాబాయ్."

"తెలుసా?"

"మిగతావాళ్ళకి టిష్యూ కాగితం ఇచ్చి తుడుచుకోమంటాను. వేడినీళ్ళు మీకొక్కరికే."

లిఫ్టాయన తల వంచుకున్నాడు. ఆమె మెడ వెనక మిగిలిన జెల్ తుడిచి, టవలు పిండి, కుర్చీ చేతి మీద ఆరేసింది.

ఆమె వెళ్ళాక ఆ గదిలోకి కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళ టోపీలకి జెల్ అక్కర్లేదట. లిఫ్టాయన్ని ఎవరూ పిలవలేదు. ఆ భవనం లిఫ్టు మరమ్మతుకి ఒకసారి వెళ్ళి, పై అంతస్తు దాకా ఎక్కి, మూసి ఉన్న తలుపు చూసి దిగొచ్చాడు. ఇంకొన్నాళ్ళకి ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. కంపెనీవాళ్ళు చేతులు కలిపి ఒక ఫోటో తీశారు. ఇక ఏ భవనం నుంచీ ఫోన్ రాదు. పొద్దున లేస్తే రోజంతా ఎదురుగా నిలబడి ఉండేది.

ఒక వానాకాలపు మధ్యాహ్నం, ఆకాశం ఒకటే కురుస్తోంది. కిటికీ దగ్గర కూచున్న లిఫ్టాయన చాలాసేపు తటపటాయించి అక్కకి ఫోన్ చేశాడు.

"ఏరా, ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్లో బాగానే ఉందక్కా. ఒంటరిగా ఉంది."

అవతల ఏదో కుర్చీ జరిగిన చప్పుడు. "ఇక్కడ మాత్రం ఏముందిరా," అంది అక్క, గొంతు తగ్గించి. "ఇంటినిండా మనుషులు. ఎవరి గదుల్లో వాళ్ళు. నాకూ అలాగే ఉంది పొద్దున్నుంచీ. ఎవరికి చెప్పను?"

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్పాగా ఇప్పుడు."

వాన రెండువైపులా పడుతోంది.

"పెట్టెయ్యనా మరి?" అన్నాడు.

"ఉండనీ. నేను బట్టలు మడతపెట్టుకుంటూ ఉంటా. నువ్వూ ఉండు."

లిఫ్టాయన ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. అవతల ఆవిడ దుప్పటి దులిపిన చప్పుడైంది, మోకాలు పట్టేసినట్టుంది, అబ్బా అంది. ఎదుటి భవనం మెట్ల మీద ఎవరో గొడుగు దులుపుకుంటున్నారు.